టిప్పు కత్తి వేలం ఆగలేదు, పిప్రాహ్వా రత్నాల వేలం ఆగింది. ఎందుకు?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: 2023లో టిప్పు సుల్తాన్ కత్తిని లండన్‌లో 1.4 కోట్ల పౌండ్లకు అమ్మేస్తే మన ప్రభుత్వం చూస్తూ ఊరుకుంది. 2025లో బుద్ధుడి ధాతువులతో (అస్థికలతో) దొరికిన పిప్రాహ్వా రత్నాల వేలాన్ని మాత్రం ఆపించింది. తలుచుకుంటే ఆపగలరన్నమాటే కదా, మరి అన్నిటినీ ఎందుకు ఆపరు? పోనీ డబ్బు పెట్టి కొనెయ్యొచ్చు కదా?

సూటిగా చెప్తాను. తలుచుకున్నంత మాత్రాన అన్నీ ఆగవు. వస్తువు దేశం ఎప్పుడు దాటింది, అది మనదేనని చూపించే కాగితం ఏముంది అన్న రెండు విషయాల మీదే మొత్తం ఆధారపడి ఉంటుంది. దొంగ సొత్తని రుజువు చెయ్యగలిగితే పైసా ఇవ్వకుండా వెనక్కి తెచ్చుకోవచ్చు. రుజువు లేకపోతే మిగిలేవి మూడు: బతిమాలడం, పరువు తీస్తామని ఒత్తిడి పెట్టడం, కొనుక్కోవడం. టిప్పు కత్తికి మొదటి దారి లేదు. పిప్రాహ్వాకి సగం ఉంది. అందుకే అది ఆగింది, అందుకే చివరికి డబ్బుతోనే తెమిలింది.

నేను పురావస్తు శాఖలో రిజిస్ట్రేషన్ పని చూసి రిటైరయ్యాను. ఇప్పుడు గుడి కమిటీలవాళ్ళు, లాయర్లు, అప్పుడప్పుడు విదేశాల్లో ఉన్న మనవాళ్ళు కేటలాగ్ ఫోటోలు పంపి "ఇది మనదేనా సార్" అని అడుగుతుంటారు. ఆ అనుభవంతోనే చెప్తున్నాను.

ముందు తేదీ చూడండి

టిప్పు కత్తి 1799లో శ్రీరంగపట్నం పడిపోయినప్పుడు పోయింది. దోచింది కుంపిణీ సైన్యం, పంచుకున్నదీ వాళ్ళే. ఆ కత్తిని దాడి నడిపిన బెయిర్డ్‌కు బహుమానంగా ఇచ్చారు. న్యాయం మాట పక్కన పెడితే, దాన్ని వెనక్కిమ్మని లండన్ కోర్టులో నిలబడి వాదించడానికి ఏ చట్టమూ లేదు. అందరూ అడిగే కోహినూరు సంగతీ ఇదే. 2016లో కేంద్రం తరఫు సొలిసిటర్ జనరల్ స్వయంగా సుప్రీంకోర్టులో అది దొంగిలించింది కాదు, బలవంతంగా తీసుకున్నదీ కాదు అన్నారు. మన కొల్లూరు గనుల వజ్రం గురించి అలా అనడం చాలామందికి ముల్లులా గుచ్చుకుంది. కానీ కేసు వేస్తే అక్కడి జడ్జి కూడా దాదాపు అదే అంటాడు.

ఎగుమతి మీద మొదటి గట్టి అడ్డుకట్ట 1947 చట్టం. తర్వాత వచ్చింది 1972 నాటి పురావస్తువుల, కళా సంపద చట్టం, అమల్లోకి వచ్చింది 1976 ఏప్రిల్ 5న. దాని ప్రకారం వందేళ్ళు దాటిన వస్తువును (రాతప్రతులైతే డెబ్బై అయిదేళ్ళు) ప్రైవేటు వ్యక్తి ఎవరూ దేశం దాటించకూడదు. సాంస్కృతిక వస్తువుల అక్రమ రవాణాను ఆపడానికి పెట్టుకున్న యునెస్కో 1970 ఒప్పందంలో మనం 1977లో చేరాం. అది వెనకటి తేదీలకు వర్తించదు. పైగా అందులో జనం గమనించని రెండు మెలికలున్నాయి. వస్తువు పోయిన మ్యూజియం లేదా గుడి జాబితాలో అది ఉన్నట్టు కాగితం చూపించాలి. తెలియక కొన్నవాడికి న్యాయమైన పరిహారం కూడా ఇవ్వాలి. జాబితాలో లేని విగ్రహానికి ఆ ఒప్పందం అక్కరకు రాదు.

ఇంకో పాత చట్టం ఉంది, 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం. భూమిలో పది రూపాయలకు మించిన విలువైనది ఏది దొరికినా కలెక్టరుకు చెప్పాలన్నది దాని సారాంశం. లంకె బిందెలు దొరికాయని పేపర్లో వార్త వచ్చినప్పుడల్లా తహసీల్దారు పరిగెత్తేది ఈ చట్టం వల్లే.

పిప్రాహ్వాలో మలుపు అక్కడే ఉంది. ఉత్తరప్రదేశ్‌లోని ఆ స్తూపాన్ని 1898లో తవ్వించింది విలియం క్లాక్స్‌టన్ పెప్పే అనే ఇంగ్లీషు ఎస్టేటుదారు. ఈ చట్టం కిందే బ్రిటిష్ ప్రభుత్వం నిధిని స్వాధీనం చేసుకుంది. ఎముకలు, బూడిద సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) రాజుకు వెళ్ళాయి. రత్నాల్లో ఎక్కువ భాగం కలకత్తా మ్యూజియంకు చేరింది. ఒకేలాంటివి రెండేసి ఉన్నాయన్న లెక్కన సుమారు ఐదో వంతు పెప్పే దగ్గర ఉంచనిచ్చారు. 2025 మే 7న హాంకాంగ్‌లో సోథెబీస్ వేలం సంస్థ అమ్మాలనుకున్నది ఆ ఐదో వంతునే. పది కోట్ల హాంకాంగ్ డాలర్ల దాకా పలుకుతుందని అంచనా. మే 5న మన సాంస్కృతిక శాఖ లీగల్ నోటీసు పంపింది. వేలం వాయిదా పడింది.

ఆ నోటీసు కోర్టుదాకా వెళ్ళి నిలిచేదా? నా లెక్కలో అనుమానమే. ఉంచుకోమని అనుమతి ఇచ్చింది ఆనాటి ప్రభుత్వమే కదా. కానీ అమ్ముతున్నవి మామూలు నగలు కావు, బుద్ధుడి ధాతువులతో పాటు పూజగా పెట్టినవి. బౌద్ధ దేశాలన్నీ చూస్తుండగా వేలంపాట పెట్టడం ఏ సంస్థకైనా ఇబ్బందే. సోథెబీస్ వెనక్కి తగ్గింది చట్టానికి భయపడి కంటే అప్రతిష్ఠకు జంకి అని నేననుకుంటాను. ఆ తర్వాత గోద్రెజ్ సంస్థ వాటిని కొంది, జులై 30న ఇండియాకు వచ్చాయి. ఎంతకు కొన్నారో చెప్పలేదు. ఇంకో సంగతి గమనించండి: చాలా భాగం జాతీయ మ్యూజియంకు వచ్చింది ఐదేళ్ళ అరువు మీద. ఇప్పుడు అవి మన దేశంలో ఉన్నాయి, మన ప్రభుత్వ సొత్తు కాదు. ఈ రెండూ ఒకటి కావు.

"కొనెయ్యొచ్చు కదా"

కొంటారు, కొన్నారు కూడా. మన తెలుగువాళ్ళకు దగ్గర ఉదాహరణ నిజాం నగలు. ట్రస్టువాళ్ళు అమ్మకానికి పెట్టింది 1970లలో. విదేశీ మార్కెట్‌లో అయితే ఎన్నో రెట్లు వస్తుందని వాళ్ళ వాదన, దేశం దాటనివ్వమని ప్రభుత్వ పట్టు. కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి చివరికి 1995లో 173 నగలను సుమారు 218 కోట్లకు కేంద్రం కొంది. 184.75 కేరట్ల జేకబ్ వజ్రం వాటిలోదే. ఇప్పటికీ రిజర్వు బ్యాంకు ఖజానాలో ఉన్నాయి, సాలార్ జంగ్ మ్యూజియంలో ఒకటి రెండుసార్లు చూపించారు. ఖజానాలో పెట్టడం గురించి ఎవరి అభిప్రాయం వాళ్ళది. కానీ సరుకు సరిహద్దు దాటకముందు పట్టుకోవడం వల్లే బేరం మన చేతిలో ఉందన్నది మాత్రం నిజం.

దాటాక ఏమవుతుందో అదే నిజాం ఖజానాకు చెందిన ఇంకో వస్తువు చెబుతుంది. జహంగీరు వేయించిన వెయ్యి తులాల బంగారు మొహరు, సుమారు పన్నెండు కిలోలు. 1987లో జెనీవాలో వేలానికి వస్తోందని తెలిసి సీబీఐ కేసు పెట్టి కదిలింది. ఎన్ని దేశాలకు ఉత్తరాలు రాసినా నాణెం మాత్రం మన చేతికి రాలేదు.

విదేశంలో పాటలో పాల్గొని కొనడానికి ప్రభుత్వానికి రెండు చిక్కులు. ఒకటి, కేటలాగ్ బయటికి వచ్చాక చేతిలో ఉండేది మూడు నాలుగు వారాలు. మన దగ్గర ఫైలు కదలాలంటే నిపుణుల కమిటీ చూడాలి, ధర సబబేనని ఎవరో ఒకరు సంతకం పెట్టాలి, ఆర్థిక శాఖ ఒప్పుకోవాలి. రేపు ఆడిట్ అభ్యంతరం వస్తే ఆ సంతకం పెట్టినవాడి పెన్షన్ మీదకు వస్తుంది. ఎవడు పెడతాడు? రెండోది, ఒక దేశ ప్రభుత్వం పాటకు వస్తోందని తెలిస్తే చాలు, ధర రెట్టింపవుతుంది. ఇవాళ ఒకటి ఎక్కువ పెట్టి కొంటే రేపు అటకల మీది పది వస్తువులు బయటికి వస్తాయి.

అందుకే చప్పుడు లేకుండా చేసినవే కలిసొచ్చాయి. 2012లో గాంధీగారు తన స్నేహితుడు కాలెన్‌బాక్‌కు రాసిన ఉత్తరాల సంపుటి సోథెబీస్‌కు వచ్చింది. వేలానికి ముందే మాట్లాడుకుని సుమారు ఏడు లక్షల పౌండ్లకు కేంద్రం తీసేసుకుంది. 2025 ఏప్రిల్‌లో నాగపూర్ రఘూజీ భోసలే కత్తిని లండన్ వేలంలో మధ్యవర్తి ద్వారా మహారాష్ట్ర ప్రభుత్వం 47.15 లక్షలకు కొని ఆగస్టులో ముంబైకి తెచ్చింది. ఒక రాష్ట్రం ఇంత వేగంగా కదలడం నాకైతే ముచ్చటేసింది. మన రెండు రాష్ట్రాలూ ఇలాంటి దానికి ఓ నిధి విడిగా పెట్టుకుంటే బాగుండు.

చప్పుడు చేసినది 2009 గాంధీ కళ్ళజోడు, చెప్పులు, గడియారం. ఢిల్లీ హైకోర్టు అమ్మకం ఆపమని ఉత్తర్వు ఇచ్చింది, న్యూయార్క్‌లో వేలం యథాప్రకారం జరిగింది, విజయ్ మాల్యా 18 లక్షల డాలర్లకు పాడుకున్నారు. దేశమంతా చప్పట్లు కొట్టింది. 2003లో టిప్పు కత్తి ఒకటి ఆయనే కొన్నప్పుడూ ఇంతే. తీరా 2018లో లండన్ కోర్టులో ఆయన లాయర్లు ఆ కత్తిని ఎప్పుడో ఇచ్చేశారన్నారు. ప్రైవేటు మనిషి కొన్నదాన్ని దేశానికి తిరిగి వచ్చినట్టు లెక్కెయ్యకండి, రాతపూర్వకంగా మ్యూజియంకు దఖలు పడితే తప్ప.

పైసా ఇవ్వకుండా వచ్చేవి

అసలు ఎక్కువ వచ్చింది ఈ దారినే. 1976 నుంచి 2013 దాకా విదేశాల నుంచి మనం తెచ్చుకున్నవి పదమూడంటే పదమూడు. అదే 2021 సెప్టెంబరులో ఒక్క అమెరికా అప్పగించినవి 157, 2023 జులైలో 105, 2024 సెప్టెంబరులో 297. మన ప్రభుత్వం రాత్రికి రాత్రి మారిపోయిందని కాదు. న్యూయార్క్‌లో మన్‌హట్టన్ డిస్ట్రిక్ట్ అటార్నీ ఆఫీసు ఈ నేరాల కోసం విడిగా ఒక దళం పెట్టింది. అక్కడి చట్టంలో దొంగ సొత్తు ఎన్ని చేతులు మారినా, ఎంత అమాయకంగా కొన్నా హక్కు రాదు. పోలీసులు వచ్చి పట్టుకుపోతారు. 2016లో క్రిస్టీస్ వేలానికి వచ్చిన రెండు రాతి శిల్పాలను అలాగే పట్టుకున్నారు. ఇంగ్లండులో అయితే నమ్మకంగా కొన్నవాడికి ఆరేళ్ళు గడిస్తే హక్కు గట్టిపడుతుంది. అంటే ఒకే విగ్రహం న్యూయార్క్‌లో తేలితే ఒక ఫలితం, లండన్‌లో తేలితే ఇంకో ఫలితం. దళారులకు ఇది మనకంటే బాగా తెలుసు.

అయితే అమెరికా పోలీసైనా అడిగేది ఒకటే: ఇది ఫలానా గుడిలో ఫలానా ఏడు ఉన్నట్టు ఫోటో ఏది?

ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియం సంగతి చూడండి. కుంభకోణం దగ్గరి సౌందరరాజ పెరుమాళ్ గుడి తిరుమంగై ఆళ్వారు కంచు విగ్రహాన్ని ఆ మ్యూజియం 1967లో సోథెబీస్ వేలంలో కొంది. గుడిలో నకలు పెట్టారు, యాభై ఏళ్ళు ఎవరికీ తెలియలేదు. పుదుచ్చేరిలోని ఫ్రెంచి సంస్థ 1957లో అదే గుడిలో తీసిన ఫోటో ఒక పరిశోధకుడి కంటబడింది. మ్యూజియమే 2019లో మన హైకమిషన్‌కు కబురు చేసింది. 2024లో విశ్వవిద్యాలయం తిరిగి ఇవ్వడానికి ఒప్పుకుంది. ఒక్క ఫోటో, అంతే.

మన చందవరం కూడా అంతే. ప్రకాశం జిల్లాలో గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న బౌద్ధ స్తూపం అది. అక్కడి సున్నపురాతి ఫలకం, బుద్ధుణ్ణి కొలుస్తున్న భక్తులున్నది, 2005లో ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ న్యూయార్క్ దళారి దగ్గర 5,95,000 డాలర్లకు కొంది. పాత ఫోటోలతో గుట్టు బయటపడి 2016లో తిరిగొచ్చింది. తవ్వకం జరిగిన చోటు కాబట్టి ఫోటోలున్నాయి. తవ్వని దిబ్బ నుంచి రాత్రిపూట తీసుకుపోయినదానికి ఏ ఫోటో ఉంటుంది?

ఫోటో లేకుండా గెలిచిన గొప్ప కేసు పత్తూరు నటరాజు. తమిళనాడులో 1976లో ఒక కూలీకి మట్టిలో దొరికి, కెనడా కంపెనీ చేతికి చేరింది. లండన్ పోలీసులు స్వాధీనం చేసుకున్నాక విగ్రహానికి అంటుకున్న మట్టి, చెదపుట్టల ఆనవాళ్ళ దాకా పరీక్షలు చేసి అదే ఊరిదని తేల్చారు. గుడికి దావా వేసే హక్కుందని ఇంగ్లండు అప్పీలు కోర్టు ఒప్పుకుంది, 1991లో తిరిగొచ్చింది. అంత ఓపిక, అంత ఖర్చు ప్రతి విగ్రహానికీ ఎవరు పెడతారు?

నా చేతుల మీదుగా వెళ్ళిన ఒక కేసు

పల్నాటి వైపు ఒక వైష్ణవాలయం. ఉత్సవ విగ్రహాలు పోయి చాలా ఏళ్ళైంది. ఆ ఊరి కుర్రాడొకడు యూరప్‌లో ఒక వేలం కేటలాగ్‌లో అమ్మవారి విగ్రహం చూసి నాకు పంపాడు. గుడి రికార్డు తీశాం. గుడి ఆస్తుల జాబితా రాసే 43 రిజిస్టర్‌లో ఒకే ఒక్క లైను: "పంచలోహ విగ్రహములు – 3". ఎత్తు లేదు, బరువు లేదు. ఎఫ్‌ఐఆర్‌లో "సుమారు రెండడుగులు" అని రాశారు, ఆచూకీ తెలియలేదని కేసు మూసేశారు. ఫోటోలు మాత్రం కట్టలు కట్టలుగా దొరికాయి, ప్రతి ఏటా కల్యాణం ఫోటోలే. కానీ అన్నిట్లోనూ పట్టుచీర, పూలదండలు, కిరీటం, వెండి కవచం. కనిపించేది ముఖం, ఒక అరచెయ్యి. పీఠం కనపడదు, వెనకభాగం కనపడదు. పోల్చడానికి కావలసినవి సరిగ్గా అవే.

ఈలోగా ఊళ్ళోవాళ్ళు ఆవేశంలో ఆ లాట్ (వేలానికి పెట్టిన వస్తువు) ఫోటోను ఫేస్‌బుక్‌లో పెట్టారు, ఒక టీవీ చానల్ ఎత్తుకుంది. మర్నాటికల్లా ఆ లాట్‌ను వేలం నుంచి తీసేశారు. ఊళ్ళో పండగ చేసుకున్నారు. అమ్మేవాడు దాన్ని పట్టుకుని ఎటు వెళ్ళాడో ఇప్పటికీ తెలియదు. వేలం నుంచి తప్పించడం, తిరిగి రావడం వేరువేరు. పోలీసులు స్వాధీనం చేసుకోవడమో, అమ్మనని సంస్థ రాతపూర్వకంగా హామీ ఇవ్వడమో జరగకముందే గోల చేస్తే సరుకు చీకట్లోకి పోతుంది. గోలకూ ఒక చోటు ఉంది: చట్టం దారి లేని చోట. 2024 అక్టోబరులో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో నాగా పూర్వీకుడి పుర్రెను వేలానికి పెడితే నాగాలాండ్ ముఖ్యమంత్రి విదేశాంగ మంత్రికి ఉత్తరం రాశారు, నిరసన వెల్లువెత్తింది, తీసేశారు. అక్కడ సిగ్గుపడేలా చెయ్యడమే సరైన ఆయుధం.

ప్రభుత్వం వైపు లోపం లేదని నేననను. విదేశీ వేలాల్లో అమ్మకానికి వచ్చే మన వస్తువుల సమాచారాన్ని పురావస్తు సర్వేక్షణ సంస్థ ఎన్నడూ సేకరించలేదని 2013లోనే ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ రాసింది. చట్టంలో ఆ నిబంధన లేదన్నది సంస్థ జవాబు. ఇప్పటికీ కేటలాగ్‌లు తిరగేసి పట్టుకునేది చాలావరకు బయటి ఔత్సాహికులే. తమిళనాడుకు విగ్రహాల చోరీకంటూ 1983 నుంచి విడిగా పోలీసు విభాగం ఉంది. మన దగ్గర ఆ పని మామూలు స్టేషను మీదో, నేర దర్యాప్తు చూసే సీసీఎస్ మీదో పడుతుంది. వాళ్ళకు చోళ కంచుకూ విజయనగర కంచుకూ తేడా తెలియాలని ఆశించడం అన్యాయం.

మీకు ఏదైనా కేటలాగ్‌లో కనిపిస్తే చెయ్యాల్సింది చెప్తాను. లాట్ పేజీ మొత్తం సేవ్ చేసుకోండి, ముఖ్యంగా వస్తువు ఎవరెవరి చేతులు మారి వచ్చిందో చెప్పే ప్రొవెనెన్స్ పేరాను. "పాత యూరోపియన్ సేకరణ, 1970కి ముందు" అని పేరూ ఊరూ లేకుండా ఉంటే అనుమానించండి. ఎఫ్‌ఐఆర్ నకలు, గుడి రిజిస్టర్ పేజీ, పాత ఫోటో కలిపి పురావస్తు సర్వేక్షణ సంస్థ ప్రధాన కార్యాలయానికి, ఆ దేశంలోని మన రాయబార కార్యాలయానికి ఒకేసారి మెయిల్ చెయ్యండి. వేలం తేదీ సబ్జెక్ట్ లైనులోనే రాయండి, లేకపోతే తేదీ దాటాక తెరుస్తారు. ఇంటర్‌పోల్‌వాళ్ళ ఐడీ-ఆర్ట్ అనే ఉచిత యాప్‌లో చోరీ వస్తువుల జాబితా వెతకొచ్చు. పోయిన విగ్రహం అందులో లేకపోతే కేసు మూసేసినా సరే తిరిగి తెరిపించి, సీబీఐ ద్వారా ఎక్కించమని స్టేషనులో అర్జీ పెట్టండి.

మీ ఊరి గుళ్ళో విగ్రహాలు ఇంకా భద్రంగా ఉంటే పని ఇంకా తేలిక. అలంకారం లేకుండా ఫోటో తియ్యడానికి అర్చకులు ఒప్పుకోరు, వాళ్ళను బలవంతపెట్టకండి. తిరుమంజనం (అభిషేకం) రోజున వాళ్ళ చేతే పీఠం, వెనకభాగం, పాదాలు, విరిగిన వేలో సొట్టో ఉంటే అది, పక్కన స్కేలు పెట్టి తీయించండి. విగ్రహం వెనక ఉండే ప్రభావళిని బిగించే రంధ్రాలు పీఠానికి ఎక్కడెక్కడ ఉన్నాయో ఆ ఫోటో తప్పనిసరి, రెండు విగ్రహాలకు అవి ఒకేలా ఉండవు. ఎత్తు సెంటీమీటర్లలో, బరువు కిలోల్లో రాసి, ఒక ప్రతి దేవాదాయ శాఖ ఇన్‌స్పెక్టర్‌కు ఇచ్చి రసీదు తీసుకోండి. ఇంకో ప్రతి గుడి బయట ఎవరి ఇంట్లోనైనా ఉంచండి.